జాకెట్ సరే, సెలవులెన్ని?

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన సామాన్ల జాబితా మీ అత్త చదివి వినిపించింది. మొత్తం నలభై మూడు వస్తువులు. డౌన్ జాకెట్, రెండు చేతికర్రలు, తలకి కట్టుకునే లైటు, గొట్టంతో నీళ్లు పీల్చుకునే సంచి, ఆఖరికి నీళ్లక్కర్లేని షాంపూ కూడా రాశావు. "ఇంకేమైనా మర్చిపోయానా మావయ్యా?" అని అడిగావు. మర్చిపోయావు తల్లీ. ఆ జాబితా కిందే నీ ప్రయాణం తేదీలున్నాయి, అక్కడ చూడు. నేపాల్‌లో అన్నపూర్ణ కొండల చుట్టూ తిరిగి, థొరాంగ్ లా కనుమ దాటి, ముక్తినాథ్‌లో దిగి, మళ్లీ హైదరాబాదు చేరి సోమవారం పొద్దున ఆఫీసులో కూర్చోవడానికి పదకొండు రోజులు పెట్టుకున్నావు. ఇరవై రెండు వేలు పోసి జాకెట్ కొన్నదానివి, ఇంకో ఐదు రోజులు సెలవు అడగడానికి మొహమాటపడ్డావు.

ఫోన్‌లో చెబితే నువ్వు లాప్‌టాప్ చూసుకుంటూ "ఊఁ, ఊఁ" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

మా పోర్టు ఆఫీసు నుంచి నలుగురం 2009లో అక్కడికే వెళ్లాం. ఆ సంగతి మీ అమ్మకి సగమే తెలుసు. "వాతావరణం బాగోక వెనక్కి వచ్చేశాం" అని అప్పట్లో ఇంట్లో చెప్పాను. వాతావరణానికేం, అద్దంలా ఉంది. బాగోనిది నా బుర్ర. గోరఖ్‌పూర్ నుంచి తిరుగు రైలుకి రిజర్వేషన్ చేయించుకున్నాం. దారిలో కొండచరియ పడి ఒకరోజు పోయింది. ఆ పోయిన రోజుని ఎక్కడో ఒకచోట సర్దాలి కదా, కనుమకి ముందొచ్చే మణాంగ్ ఊళ్లో రెండు రాత్రులు ఉండాల్సింది ఒక్క రాత్రితో సరిపెట్టేశాం. యాక్ ఖర్కా చేరేసరికి నాకు కణతల దగ్గర పోటు మొదలైంది. గైడ్ అడిగితే "బ్రహ్మాండంగా ఉన్నాను" అన్నాను. రైలు పోతుందని భయం, మిగతా ముగ్గురి ముందు చులకనైపోతానని సిగ్గు. మర్నాడు కనుమ కిందున్న థొరాంగ్ ఫేదీ చేరాక తిన్నది తిన్నట్టు వాంతి అయింది. రాత్రి బయటికి వెళ్దామని లేచి బూటు లేసు కట్టుకోబోతే ముడి ఎలా వేయాలో గుర్తు రాలేదు. నవ్వకు. ఐదేళ్లప్పుడు మీ తాతయ్య నేర్పిన ముడి అది. ఆ లేసు చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో కూడా నాకు తెలియదు.

మా గైడ్ కుర్రాడు చూశాడు. హాల్లో నేలకి పరిచిన చెక్కల మధ్య గీత ఒకటి చూపించి, ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్లు ఆనించుకుంటూ దాని మీద నడవమన్నాడు. మూడో అడుగుకే బల్ల మీద పడ్డాను. ఇంకో మాట లేకుండా నా చేతికి కర్ర ఇచ్చి, రాత్రి పదింటికి, లైట్ల వెలుగులో కిందికి నడిపించాడు. ఆ దారిలో పైనుంచి రాళ్లు దొర్లే చోటు ఒకటుంది, పగలే గబగబా దాటమంటారు. అక్కడ నన్ను చొక్కా పట్టుకుని లాక్కుపోయాడు. యాక్ ఖర్కా దగ్గరపడేసరికి నాకు చలి తెలియడం మొదలైంది. అంటే బుర్ర పనిచేయడం మొదలైందన్నమాట. మందూ లేదు, మాకూ లేదు. నాలుగు వందల మీటర్లు కిందికి దిగడమే వైద్యం. నాకు తోడుగా దిగిన స్నేహితుడు ఆ కనుమ ఇంతవరకూ చూడలేదు, ఈ జన్మకి చూడడు కూడా, మోకాళ్లు పోయాయి. ఆయన ఎప్పుడూ ఎత్తిపొడవలేదు. నాకే ఆయన్ని చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.

ఇంతకీ జరిగిందేమిటంటే, పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. మణాంగ్ 3,540 మీటర్ల ఎత్తు, అక్కడ మన విశాఖలో ఉండే ఒత్తిడిలో దాదాపు మూడింట రెండొంతులే ఉంటుంది. 5,416 మీటర్ల థొరాంగ్ లా మీద సగం. శరీరం దీనికి సర్దుకోగలదు, చాలా తెలివైనది. ముందు ఊపిరి వేగం పెంచుతుంది, తర్వాత మూత్రపిండాలు రక్తంలో ఆమ్లమూ క్షారమూ సర్దుతాయి, ఆ తర్వాత నిదానంగా ఎర్రకణాలు పెరుగుతాయి. ఇవన్నీ రోజుల లెక్కన జరిగే పనులు. నువ్వు జిమ్‌లో ఎంత బరువు ఎత్తినా, ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తినా ఆ రోజులు తగ్గవు. పైగా దిట్టంగా ఉన్న కుర్రాళ్లే గబగబా పైకి పోయి ముందు పడిపోతారు. రొప్పుకుంటూ వెనకబడ్డ నాలాంటి ముసలాడికి ఆలస్యమే కాపలా.

మూడు వేల మీటర్లు దాటాక లెక్క ఒకటుంది. నిన్న పడుకున్న చోటుకీ ఇవాళ పడుకునే చోటుకీ మధ్య అయిదు వందల మీటర్లకు మించి తేడా ఉండకూడదు. ప్రతి వెయ్యి మీటర్లకీ ఒక రాత్రి అదనంగా అదే ఊళ్లో ఉండాలి. లెక్క పడుకునే చోటుదే. పగలు ఎంత ఎత్తుకెళ్లినా ఫరవాలేదు, సాయంత్రానికి దిగి వచ్చి పడుకుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు నీ ప్యాకేజీ వాళ్లు ఇచ్చిన కాగితం తీసి పక్కన పెట్టుకో. బేసీసహర్ 760 మీటర్లు. రెండో రోజు అక్కడ జీపెక్కించి ఆ సాయంత్రానికే మణాంగ్‌లో దింపుతామని రాశారు. రోడ్డు పడింది, నిజమే, మా రోజుల్లో లేదు. రోడ్డు పడిందని నీ ఒంటికి తెలియదుగా! ఒక్క పగటిపూట దాదాపు రెండు వేల ఎనిమిది వందల మీటర్లు పైకి పోయి, అక్కడ వేడి సూప్ తాగి, ఫోటోలు పెట్టి, అర్ధరాత్రి తల పట్టుకుని కూర్చుంటావు. ఆ కాగితం రాసినవాడికి కూడా ఇది తెలుసు. నీకు సెలవు లేదని కూడా తెలుసు. నువ్వు అడిగిందే నీకు అమ్మాడు, అంతే.

నేనైతే ఇలా వేస్తాను. కాఠ్‌మాండూ నుంచి మొదటి రోజు బేసీసహర్. రెండో రోజు జీపులో చామే, 2,670 దగ్గర. అక్కడితో జీపుకి దణ్ణం పెట్టు. మూడో రోజు నడిచి పై పిసాంగ్, 3,300. నాలుగో రోజు మణాంగ్‌కి రెండు దారులున్నాయి. కింద రోడ్డు మీద దుమ్ము తింటూ పోయేది ఒకటి, ఘ్యారూ, ఙవాల్ ఊళ్ల మీదుగా కొండ అంచున పోయేది ఇంకొకటి. పైదారినే వెళ్లు. ఘ్యారూ ఎక్కేటప్పుడు నన్ను తిట్టుకుంటావు. ఎక్కాక ఎదురుగా 7,937 మీటర్ల రెండో అన్నపూర్ణ అడ్డం లేకుండా కనిపిస్తుంది, అప్పుడు తిట్టడం మానేస్తావు. పైగా ఆ రోజంతా 3,700 దాకా ఎక్కి దిగుతావు కాబట్టి ఒంటికి అలవాటవుతుంది. అప్పుడే అలసట అనిపిస్తే ఙవాల్‌లో ఒక రాత్రి ఆగు, ఏం కొంప మునగదు.

మణాంగ్‌లో మూడు రాత్రులు. "మూడా? అక్కడేం చేస్తాం?" అంటావు. మొదటి రోజు గంగాపూర్ణ చెరువు దాకా షికారు. రెండో రోజు పొద్దున్నే బయల్దేరి 4,600 మీటర్ల దగ్గరున్న మంచు చెరువుకి ఎక్కి, మధ్యాహ్నానికి దిగి వచ్చి పడుకో. ఆ ఊళ్లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల చిన్న వైద్య కేంద్రం ఉంది. ట్రెకింగ్ కాలంలో స్వచ్ఛందంగా వచ్చిన డాక్టర్లు ఉంటారు. మధ్యాహ్నం మూడింటికి ఎత్తు జబ్బు గురించి చెప్తారు. బేకరీలో కూర్చుని యాపిల్ పై తినడం మానేసి వెళ్లి విను. లేదా తింటూనే విను. 2009లో ఆ డాక్టర్ల మాట వినకుండా మేం ముందుకు పోయాం. రెండు రోజులు తిరక్కుండానే ఆ డాక్టరు ముందు నేను బల్ల మీద కూర్చున్నాను.

అక్కణ్ణుంచి యాక్ ఖర్కా 4,050, మర్నాడు ఫేదీ 4,450, ఆ తర్వాత కనుమ. ఫేదీకి పైన 4,880 దగ్గర హైక్యాంప్ అని ఉంది. చాలామంది మర్నాటి ఎక్కుడు తగ్గుతుందని అక్కడ పడుకుంటారు. నాకు అది నచ్చదు. మరీ ఎత్తున నిద్ర పట్టదు, అన్నం సయించదు, తేడా వస్తే చీకట్లో ఎక్కువ దిగాలి. ఫేదీలోనే పడుకుని ఒక గంట ముందు లే.

కనుమ దాటిన రోజు ముక్తినాథ్, మర్నాడు జోమ్‌సోమ్, ఆ మర్నాడు పోఖరా. వేళ్ల మీద లెక్కపెట్టు, పదకొండు రోజులు కొండకే సరిపోయాయి. హైదరాబాదు నుంచి రాకకీ పోకకీ రెండు. చేతిలో ఖాళీగా మూడు. మొత్తం పదహారు. ఆ మూడు రోజులూ ఎక్కడ ఖర్చవుతాయో ఇప్పుడే తెలియదు, ఖర్చు కాకపోతే పోఖరాలో పడవెక్కి తిరుగు. జోమ్‌సోమ్ నుంచి విమానంలో వద్దామనుకున్నా సరే, పొద్దెక్కాక కాళీగండకి లోయలో గాలి లేస్తుంది, విమానాలన్నీ ఉదయం పూటే. ఆ ఉదయం మబ్బు పట్టిందా, ఇంకో రోజు పోయినట్టే. దసరాకి నేపాల్‌లో దశైఁ పండగ కూడాను, ఊళ్లకెళ్లే జనంతో బస్సులు కిక్కిరిసి ఉంటాయి.

ఖాళీ రోజుల గురించి ఇంతగా ఎందుకు నస పెడుతున్నానో ఇప్పుడు చెప్తాను.

నీకు హుద్‌హుద్ తుఫాను గుర్తుందా? 2014 అక్టోబరు 12, ఆదివారం. నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావు. మా మేడ మీద రేకులు ఎగిరి పక్క వీధిలో పడ్డాయి. కైలాసగిరి మీద పచ్చదనం ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోయింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాలపాకెట్టు కోసం పొద్దున్నే మైలు దూరం నడిచేవాణ్ణి. మాకు ఆ ఆదివారంతో గాలి ఆగింది కదా, ఆ మబ్బు ఏమైందని ఎవరూ ఆలోచించలేదు. కొన్నాళ్లకి పేపరు చేతికొస్తే చూశాను. అది మన నెత్తి మీద కురిసి, ఉత్తరానికి పోయి, మంగళవారం నాటికి పన్నెండు వందల కిలోమీటర్ల అవతల సరిగ్గా థొరాంగ్ లా మీద మంచుగా దిగబడింది. కొన్ని గంటల్లో నడుము లోతు మంచు. అక్టోబరు నెల, ట్రెకింగ్‌కి మంచి కాలం, కనుమ దారి నిండా జనం. అన్నపూర్ణ, ధౌలగిరి ప్రాంతాల్లో కలిపి నలభై మందికి పైగా పోయారు. విదేశీయులు, నేపాలీ గైడ్లు, పోర్టర్లు, మన దేశం వాళ్లూ. కొందరు కనుమ మీదున్న చిన్న టీ కొట్టులో కిక్కిరిసి తలదాచుకున్నారు, కొందరు ఆ తెల్లటి చీకట్లోనే ముక్తినాథ్ వైపు దిగబోయి దారి తప్పారు.

రెండేళ్ల ముందు, 2012లో, నేనూ మీ అత్తా ఆ టీ కొట్టులోనే కూర్చుని టీ తాగాం. పేపరు పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను.

కాబట్టి అమ్మలూ, అక్టోబరు, నవంబరు నెలల్లో హిమాలయం ఎక్కేవాడు పైకి చూడటంతో పాటు బంగాళాఖాతం వైపు కూడా చూడాలి. మనకది చిన్నప్పట్నుంచీ అలవాటైన పనే. మణాంగ్‌లో వైఫై దొరుకుతుంది. ఇన్‌స్టా తెరిచే ముందు మన వాతావరణ శాఖ వాళ్ల తుఫాను బులెటిన్ తెరువు. అండమాన్ దగ్గర అల్పపీడనం, వాయుగుండం అని కనిపించి, అది ఉత్తరంగా కదులుతుందంటే గైడ్‌కి చూపించి మణాంగ్‌లోనే ఆగిపో. నాకూ ఒక ఫోన్ కొట్టు, నేనెలాగూ టీవీలో అదే చూస్తూ ఉంటాను. ఆగడానికి నీ చేతిలో మూడు రోజులుంటే ఆగుతావు. లేకపోతే, "ఏం కాదులే, అందరూ వెళ్తున్నారుగా" అంటావు. ఆ మాట నాకు బాగా తెలుసు. నోరు నాదే, తారీఖు రైలు టిక్కెట్టుది.

కనుమ రోజు గురించి. తెల్లవారుజామున నాలుగింటికల్లా నడక మొదలుపెట్టాలి, ఎందుకంటే పదిన్నర, పదకొండు దాటితే పైన గాలి నిలబడనివ్వదు. గొట్టం సంచిలో నీళ్లు ఆ చలికి గొట్టంలోనే గడ్డకడతాయి. మామూలు సీసా తీసుకెళ్లి, వేణ్నీళ్లు పోసి, మేజోడులో దూర్చి, జాకెట్ లోపల పెట్టుకో. ముందు రోజు రాత్రి ఆ సీసానే స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకుంటే కుంపటిలా ఉంటుంది. ఫోనూ, బ్యాటరీలూ కూడా ఒంటికి ఆనించే పెట్టుకో. నల్లద్దాలు తప్పనిసరి, మంచు మీద ఎండ ఒక్క పూటలో కళ్లు మండించి పారేస్తుంది. చేతి తొడుగులకి దారం కట్టి చొక్కా చేతుల్లోంచి లాగి ఉంచు, చంటిపిల్లలకి కడతారు చూడు, అలా. 1950లో ఫ్రాన్స్ వాడు మారిస్ హెర్జోగ్ ఈ అన్నపూర్ణల్లోకెల్లా ఎత్తైన మొదటి అన్నపూర్ణ ఎక్కాడు. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాన్ని మనిషి ఎక్కడం అదే మొదటిసారి. దిగేటప్పుడు ఆయన తొడుగులు చేయి జారి కొండ కిందికి దొర్లిపోయాయి. సంచిలో మేజోళ్లున్నాయి, వాటిని చేతులకి తొడుక్కోవచ్చని ఆ ఎత్తులో ఆయనకి తట్టనే లేదు. చేతి వేళ్లు పోయాయి. అంతటివాడికే తట్టలేదంటే, నాకు లేసు ముడి మర్చిపోవడం ఎంత! అందుకే పైన ఆలోచించాల్సిన పని ఏదీ మిగలకుండా కిందే చేసుకోవాలి. ఎన్ని గంటలకి వెనక్కి తిరగాలో కూడా ఫేదీలోనే నిర్ణయించుకో. పదకొండింటికి కనుమ మీద లేకపోతే, అది వంద అడుగుల దూరంలో కనిపిస్తున్నా సరే, వెనక్కే.

ఇక జబ్బు ఆనవాళ్లు. తలనొప్పి ఉండి, దానితో పాటు వికారమో, ఆకలి లేకపోవడమో, తల తిరగడమో ఉంటే అది ఎత్తు జబ్బే. జలుబనీ, ఎండదెబ్బనీ, నిన్న తిన్న నూడిల్స్ అనీ పేర్లు పెట్టకు. ఆ రోజు ఇంక పైకి అడుగు వేయకూడదు. తగ్గితే మర్నాడు చూద్దాం, పెరిగితే దిగడమే. కాలు తడబడటం, మాట తేడా రావడం మెదడు వాపు. ఊరికే కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, పెదాలు నీలంగా మారడం ఊపిరితిత్తుల్లో నీరు. ఈ రెండిటికీ తెల్లారేదాకా చూద్దాం అనే మాట లేదు, అర్ధరాత్రైనా దింపాల్సిందే. ఎప్పుడూ ఒంటరిగా దింపకూడదు.

ఎత్తు జబ్బు రాకుండా డయమాక్స్ మాత్ర వేసుకోనా అని అడిగావు. చాలామందికి 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకి రెండు రాస్తారు, ఎక్కడం మొదలుపెట్టే ముందు రోజు నుంచి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పదేపదే లేవాల్సి వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లకి అది కూడా పడకపోవచ్చు. నీకు చిన్నప్పుడు ఏదో మాత్రకి ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి, అదేమిటో మీ అమ్మని అడిగి, డాక్టరుకి చెప్పి, అప్పుడు తీసుకో. నిద్ర మాత్రలు, మద్యం మాత్రం వద్దు. నిద్రలో ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి.

నిద్ర అంటే గుర్తొచ్చింది. ఆ ఎత్తులో నిద్రపోయేవాళ్ల ఊపిరి కొన్ని క్షణాలు ఆగిపోయి, ఆ తర్వాత గబుక్కున ఎగపీల్చినట్టు వస్తుంది. మామూలే. 2012లో యాక్ ఖర్కాలో మీ అత్త అది విని, నేను పోయాననుకుని, చెంప మీద ఒక్కటిచ్చింది. నీ పక్కన పడుకునే అమ్మాయికి ఈ సంగతి ముందే చెప్పు.

కరోనా నాటి ఆక్సీమీటర్ పట్టుకెళ్తానన్నావు, పట్టుకెళ్లు. మణాంగ్‌లో 88 చూపిస్తే అంబులెన్స్ పిలవకు, అక్కడ అంతే ఉంటుంది. చల్లటి వేలికి పెడితే ఇంకా తప్పు చూపిస్తుంది. దాని అంకె కంటే ఉదయం లేవగానే "ఆకలేస్తోందా?" అని నిన్ను నువ్వు అడగడం మేలు.

తిండి సంగతి మన వాళ్లకి పెద్ద బెంగ. పూటపూటా దాల్ భాత్ తిను, అన్నం, పప్పు అడిగినకొద్దీ వడ్డిస్తారు. మాంసం వద్దు, కిందినుంచి రోజుల తరబడి మోసుకొచ్చింది. పైన నీళ్లు ఎనభై అయిదు డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కుక్కర్‌లో వండని అన్నం పలుకుగా ఉంటుంది, నమిలి తిను. కందిపొడి ఒక చిన్న డబ్బా చాలు. ఆవకాయ సీసా వద్దు. 2009లో మా వాడు తెచ్చినది బస్సులో పగిలి, వాడి ఉన్ని దుస్తులన్నీ నూనె కారాయి. నెల్లాళ్లు ఉతికినా ఆ వాసన పోలేదట. కాటన్ బనీన్లు కూడా ఇంట్లో వదిలెయ్. చెమటకి తడిస్తే ఆరవు, ఆగిన క్షణం నుంచి ఐసు ముక్కలా ఒంటికి అతుక్కుంటాయి. నెలసరి సంగతులు, చలిలో బాత్రూం తిప్పలు మీ అత్తని అడుగు. ఆవిడ దగ్గర నాకంటే మంచి చిట్కాలున్నాయి, నాకు చెప్పదు.

గైడ్ విషయం. 2023 ఏప్రిల్ నుంచి నేపాల్‌లో విదేశీ ట్రెకర్లు గైడ్‌తోనే వెళ్లాలని నియమం పెట్టారు. దాన్ని చలానా కట్టినట్టు చూడకు. అతనికి మీ అయిదుగురిలో ఎవరికి ఎలా ఉందో దాచకుండా చెప్పాలి, అదే అతని ఫీజు కంటే ముఖ్యం. పోర్టర్‌ని "షెర్పా" అని పిలవకు. షెర్పాలంటే ఒక జాతి, ఎక్కువగా ఎవరెస్టు వైపు వాళ్లు. నీ సంచి మోసే కుర్రాడు తమాంగో, గురుంగో, మగరో అయ్యుంటాడు. పేరు అడిగి పేరుతో పిలువు. అతనికి బూట్లు, కోటు, నల్లద్దాలు, బీమా ఉన్నాయో లేదో బయల్దేరక ముందే చూడు. 2014లో పోయినవాళ్లలో పోర్టర్లూ ఉన్నారని మర్చిపోకు. ఇద్దరి సంచులు కలిపి ఒకరి వీపు మీద వేస్తారు కాబట్టి, నీ నలభై మూడు వస్తువుల్లో ఒక ఇరవై కొట్టెయ్. జాకెట్ మాత్రం ఉంచుకో, కొన్నావు కదా. నిజానికి కాఠ్‌మాండూలో అద్దెకి దొరుకుతాయి.

బీమా నీకూ కావాలి. హెలికాప్టర్‌తో దింపే ఖర్చు ఇస్తారా, ఎన్ని మీటర్ల ఎత్తు దాకా ఇస్తారు అన్నది పాలసీ కాగితంలో చిన్న అక్షరాల్లో వెతుకు. 4,000 దగ్గర గీత గీసినది కొంటే నీకు అక్కరకి రాదు.

నడక సాధన విషయంలో నువ్వు చేస్తున్న పొరపాటు ఒక్కటే, అంతా ఎక్కడం మీదే పెట్టావు. ట్రెడ్‌మిల్ ఎక్కిస్తుంది, దింపదు. థొరాంగ్ లా నుంచి ముక్తినాథ్‌కి ఒక్క పూటలో పదహారు వందల మీటర్లు దిగాలి, అంతా వదులు రాళ్లు. తిరుపతి వెళ్లినప్పుడు అలిపిరి మెట్లు ఎక్కి బస్సులో దిగుతాం చూడు, నువ్వు ఈసారి నడిచే దిగు. వీపున ఎనిమిది కిలోలు వేసుకుని. కాలి గోళ్లు కత్తిరించుకోకపోతే ఆ దిగుడులో బూటు ముందుకి కొట్టుకుని నల్లబడి ఊడిపోతాయి. మీ అత్తకి రెండు పోయాయి.

ముక్తినాథ్‌లో గుడి వెనక 108 ధారలుంటాయి, గడ్డకట్టే నీళ్లు. స్నానం చేస్తావో, చిలకరించుకుంటావో నీ ఇష్టం. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి మన వైపు నుంచి యాత్రికులు బాగా వస్తారు. 2012లో మేం కనుమ దిగి దుమ్ముకొట్టుకుని నడుస్తూ ఉంటే, కోతి టోపీ పెట్టుకున్న ఓ పెద్దాయన "తెలుగువాళ్లా? ఇక్కడ మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుంది బాబూ?" అన్నారు. రాజమండ్రి నుంచి వచ్చారు. ఆయన భార్య తల పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. పొద్దున పోఖరాలో 820 మీటర్ల దగ్గర బయల్దేరి, సాయంత్రానికి 3,700 దాటి వచ్చేశారు. దర్శనం అయిందిగా, ఈ రాత్రికి ఇక్కడ ఉండకుండా కిందికి పోండి అని జీపు మాట్లాడి పంపించాం. దేవుడి దగ్గరికి వచ్చినా అదే లెక్క. అమ్మమ్మని కూడా తీసుకెళ్దామని అన్నావట, ఆవిడని తీసుకెళ్లాలంటే దారిలో రెండు రాత్రులు ఆపి తీసుకెళ్లాలి, డాక్టరుకి చూపించాకే.

చివర్లో ఒక వాక్యం తోసేశావు, "వచ్చే ఏడు ఓ ఆరువేల శిఖరం కూడా ఎక్కేస్తా మావయ్యా" అని. వాటిని ట్రెకింగ్ పీక్‌లు అని పిలవడం చూసి మోసపోకు. పిసాంగ్ పీక్, చులూ, ఐలాండ్ పీక్, ఇవన్నీ తాడు, ఐస్ గొడ్డలి, బూట్లకి ఇనుప ముళ్లు కావాల్సినవి. ఆ ముళ్లతో ఎలా నడవాలో, జారితే గొడ్డలితో ఎలా ఆపుకోవాలో శిఖరం కింద ఒక్క పూటలో నేర్పుతాం అంటారు, నమ్మకు. డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లోనో ప్రాథమిక కోర్సు చెయ్. దాదాపు నెల రోజులు పడుతుంది. మళ్లీ సెలవే అడ్డొచ్చింది చూశావా?

మన మాలావత్ పూర్ణ 2014 మేలో పదమూడేళ్ల పదకొండు నెలల వయసుకి ఎవరెస్టు ఎక్కిందని అందరూ చెప్తారు. ఆ పిల్లా, తోటి కుర్రాడు ఆనంద్ కుమారూ ముందు భువనగిరి బండ మీద గోళ్లు అరగదీసుకున్నారు, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత చలికాలం లడఖ్. నీ ఫ్లాట్ నుంచి భువనగిరి గంటన్నర దూరం. ఇప్పటిదాకా ఎన్నిసార్లు వెళ్లావు? ఇంకో మాట, భయపెట్టడానికి కాదు. నెల్లూరు జిల్లా మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలని 172 రోజుల్లో ఎక్కాడు. అంతకంటే కొండ తెలిసినవాడు మన వైపు లేడనుకునేవాళ్లం. 2015 మార్చిలో ఆండీస్‌లో ఒంటరిగా ఎక్కుతూ పోయాడు. ఒంటరిగా వెళ్లనని నాకు మాటివ్వు, మిగతావి నీ ఇష్టం.

కనుమ దాటాక మార్ఫాలో యాపిల్ బ్రాందీ దొరుకుతుంది. దాటాకే. మీ అమ్మకి నేను చెప్పానని చెప్పకు.

వచ్చే ఆదివారం విశాఖ వస్తున్నావు కదా. కొత్త బూట్లు కవర్లో పెట్టుకుని రాకు, కాళ్లకి వేసుకునే రా, రైల్లో కూడా. ఉదయం అయిదింటికి సింహాచలం మెట్లదారిలో ఎక్కి, దర్శనం చేసుకుని, నడిచే దిగుదాం. నీ సంచిలో మీ అత్త ఎనిమిది కిలోల బియ్యం మూట పెడుతుంది. మీ మేనేజరుకి పంపిన సెలవు మెయిల్ ఆ మెట్ల మీదే చూపించు. అందులో పదహారు అని అంకె కనిపించాక నీ జాబితాలో ఏ ఇరవై వస్తువులు కొట్టెయ్యాలో కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
మీ పెద్ద మావయ్య
విశాఖపట్నం